ఉన్నట్టుండి డబ్బొస్తే మనసును ఎలా కుదుటపరుచుకోవాలి

ఒక్కసారిగా పెద్ద మొత్తం చేతికొస్తే సంతోషంతో పాటు టెన్షన్, ‘నాకే ఎందుకొచ్చింది’ అన్న బాధ కూడా వస్తాయి, అందులో తప్పేం లేదు. ముందు ఆ డబ్బును డిపాజిట్‌లో వేసి, ఉద్యోగం మానేయడం, ఇల్లు మారడం లాంటివి కొన్ని నెలలపాటు పెట్టుకోకండి.

అసలు కష్టమంతా అయినవాళ్ల దగ్గరే. ఫోన్ మోగగానే ‘వీళ్లూ అప్పు కోసమేనా’ అని గుండె గుభేలుమంటుంది, ఆ అనుమానంతో మంచి స్నేహితుల్ని కూడా దూరం చేసుకుంటాం. అందుకే అడిగిన వెంటనే ఔననీ కాదనీ అనకుండా ‘నెల తర్వాత చెప్తాను’ అనండి, ఎవరికైనా అదే మాట.

1978లో అమెరికా మనస్తత్వవేత్త ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం 22 మంది లాటరీ విజేతలను పరిశీలిస్తే, స్నేహితులతో కబుర్ల లాంటి చిన్న సంతోషాలు వాళ్లకు మిగతావాళ్లకంటే తక్కువగా అనిపిస్తున్నాయని తేలింది. కాబట్టి పాత అలవాట్లు, పాత స్నేహాలు వదలకండి. వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే మాత్రం మొహమాటపడకుండా కౌన్సెలర్‌ను కలవండి.