పెడల్స్ తీసేశాకే సైకిల్ వచ్చింది

మా పాపకి ఐదేళ్లు నిండగానే సైకిల్ కొన్నాం. పెరిగే పిల్ల కదా, నాలుగేళ్లు పనికొస్తుందని 20 అంగుళాల చక్రాలది తీసుకున్నా. అదే పొరపాటు. సీటు మీద కూర్చుంటే మునివేళ్లు కూడా నేలకి అందేవి కావు. పక్క చక్రాలున్నా భయంతో హ్యాండిల్ బిగబట్టి ఏడ్చేది. వారానికి "నాకొద్దు నాన్నా" అనేసింది.

దాన్ని మా అన్నయ్య కొడుక్కిచ్చి, 16 అంగుళాలది తెచ్చాం. ఈసారి పాపని షాపులోనే కూర్చోబెట్టి, రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాకే డబ్బులు కట్టాను.

పక్క చక్రాలతో పిల్లలకి తొక్కడం వస్తుంది గానీ బ్యాలెన్స్ రాదు. అందుకే అవి బిగించలేదు, పెడల్స్ కూడా విప్పేశాను. 15 నంబర్ స్పానర్ చాలు. కుడి పెడల్ మామూలుగానే ఊడుతుంది. ఎడమదానికి మర రివర్సులో ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. మామూలు వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది, జాగ్రత్త.

రోజూ సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పావుగంట. ముందు బ్రేక్ నేర్పాను. తర్వాత కాళ్లతో నేలని తోసుకుంటూ తిరిగేది. తొమ్మిదో రోజు రెండు కాళ్లూ పైకెత్తి ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా జారుకుంటూ వెళ్లిపోయింది!

ఆ ఆదివారమే పెడల్స్ బిగించాను. హ్యాండిల్ ముట్టుకోలేదు, చంకల కింద చేతులు పెట్టి వెంట పరిగెత్తాను. రెండో రౌండ్‌లో చేతులు తీసేసినా తనకి తెలియలేదు. "వదలకు నాన్నా" అంటూనే గేటు దాకా వెళ్లి, బ్రేక్ వేసి, వెనక్కి తిరిగి చూసింది.