సకలేశపుర కొండబాటల్లో ఫోర్ బై ఫోర్ నడపాలంటే

బెంగళూరు నుంచి పడమటి కనుమల్లోని సకలేశపుర దాదాపు 220 కిలోమీటర్లు. నెలమంగళ, కుణిగల్, హాసన్ మీదుగా అంతా తారు రోడ్డే. ఫోర్ బై ఫోర్‌కి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండికి, అసలు పని కాఫీతోటలు దాటి పైకెక్కే జీపుబాటల్లో మొదలవుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేల గట్టిగా ఉంటుంది. వానల్లో అయితే ఎర్రమట్టి టైరు గాడులన్నీ పూడ్చేస్తుంది, ఎంత ఖరీదైన టైరైనా సబ్బుముక్కే. తోటదారికి యజమానినీ, అడవి హద్దు తగిలితే అటవీ శాఖనూ ముందే అడగండి.

మట్టిబాట ఎక్కేముందు టైర్లలో గాలి తీయండి. 30 పీఎస్ఐ ఉంటే 18–20కి దించితే చాలు. టైరు నేలమీద పొడుగ్గా పరుచుకుంటుంది, రాయి తగిలితే ఎగరకుండా దాన్ని పొదువుకుంటుంది. 15 కంటే దించితే మలుపులో రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. గాలి తగ్గించాక 30 కిలోమీటర్ల వేగం దాటొద్దు. తిరిగి కొట్టుకోవడానికి 12 వోల్టుల కంప్రెసర్ ఉండాలి, పెద్దదైతే నేరుగా బ్యాటరీకే తగిలించండి. లైటర్ సాకెట్‌కి పెడితే ఫ్యూజు పోతుంది. లైట్‌బార్ కంటే ముందు కొనాల్సింది ఇదే.

థార్, జిమ్నీ లాంటి బళ్లలో ‘ఫోర్ లో’కి (4L, నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే అమరిక) మార్చేటప్పుడు బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మార్చండి. పొడి తారు మీద ఫోర్ వీల్ వాడకండి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు, ఆ తేడా గేర్లలో బిగుసుకుని లివర్ కదలదు. అలా జరిగితే నాలుగు మీటర్లు తిన్నగా వెనక్కి రండి.

ఎక్కుడులో ‘ఫోర్ లో’ పెట్టి రెండో గేరు, రాళ్లుంటే ఒకటి. సగం క్లచ్ మీద లాగితే పైకి చేరేలోపే కాలిన వాసన వస్తుంది. బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి పెట్టకండి, చక్రం రాయికి కొట్టుకుంటే స్టీరింగ్ గిర్రున తిరిగి వేలు విరుగుతుంది.

మధ్యలో ఇంజిన్ ఆగిపోతే కంగారులో చేసే తప్పు, స్టీరింగ్ తిప్పి బండిని అడ్డంగా మళ్లించడం. బళ్లు బోల్తా పడేది అక్కడే. బ్రేకు గట్టిగా తొక్కి పట్టండి, హ్యాండ్‌బ్రేక్ లాగండి, ఇంజిన్ స్టార్ట్ చేసి రివర్స్ వేయండి. క్లచ్ వదులుతూ ఇంజిన్ పట్టు అందాకే బ్రేకులు మెల్లగా వదిలి, వచ్చిన జాడలోనే తిన్నగా దిగండి.

దిగుడులో ‘ఫోర్ లో’ పెట్టి మొదటి గేరు, కాలు క్లచ్ మీద ఉండకూడదు. బ్రేకు గట్టిగా నొక్కితే చక్రాలు తిరగడం మాని జారతాయి, అప్పుడు స్టీరింగ్ పనిచేయదు. బండి జారుతోందనిపిస్తే బ్రేకు వదిలి యాక్సిలరేటర్ కొద్దిగా ఇవ్వండి. చక్రం మళ్లీ తిరగ్గానే పట్టు దొరుకుతుంది. మనసు ఒప్పదు, కానీ దారి అదే.

వాగు అయితే ముందు కాలినడకన దాటి చూడండి. నీళ్లలో ఇంజిన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, సిలిండర్‌లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి లాగడానికి సాగే తాడు, ఎంత బరువు మోస్తుందో అచ్చువేసిన షాకిల్ (తాడును బండికి తగిలించే ఇనుప కొక్కెం) ఉండాలి. టో బాల్‌కి (ట్రెయిలర్ తగిలించే వెనకి గుండు) మాత్రం తాడు కట్టొద్దు, ఆ గుండు విరిగి ఎగిరితే ప్రాణాలు తీస్తుంది.

తిరిగి తారెక్కేముందు ‘టూ హై’ (2H, రెండు చక్రాలకే బలం అందే మామూలు అమరిక) వేసి, గాలి కొట్టి, రిమ్ముల లోపలి బురద గీకేయండి. హైవే మీద 80 దాటగానే స్టీరింగ్ వణికితే అలైన్‌మెంట్ పోయిందని గ్యారేజీకి పరిగెత్తకండి, ముందు ఆ ఎండిన మట్టి చూడండి.