ఏడో నెల పడిందా, కోరింత దగ్గు నుంచి పుట్టబోయే బిడ్డని కాపాడే టీడాప్ టీకా సంగతి డాక్టర్‌ని అడిగారా?

మొన్న మా చెల్లిని అడిగితే "నాకు ఇంజెక్షన్లన్నీ అయిపోయాయక్కా, రెండు టీటీలు వేశారు" అంది, సరే కార్డు ఫొటో పంపమన్నా, చూస్తే రెండు చోట్లా టీడీ అని రాసుంది. అందరం అలవాటుగా టీటీ అనేస్తాం గానీ ఇప్పుడు గవర్నమెంట్ ఆస్పత్రుల్లో గర్భిణులకి వేసేది టీడీనే, అంటే ధనుర్వాతం, డిఫ్తీరియా రెండింటికే. కోరింత దగ్గు అందులో లేదు. అది కూడా కలిసిన ఇంజెక్షన్ పేరు టీడాప్, పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది వేయించేసుకున్నాం అనుకుని ఊరుకుంటారు. అందుకే ముందు మీ ఎంసీపీ కార్డో (గర్భిణులకి ఇచ్చే తల్లీబిడ్డల కార్డు) ఆస్పత్రి ఫైలో తీసి ఏది రాశారో చూడండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పెద్దవాళ్ళకి ఈ దగ్గొస్తే వారాల తరబడి విసిగిస్తుంది అంతే, కానీ నెల కూడా నిండని బిడ్డకి వస్తే ఒక్కోసారి దగ్గు కూడా వినపడదు, ఊపిరి ఆగిపోయి ఒళ్ళు నీలంగా మారుతుంది, అప్పుడు ఇంట్లో వాము కాపడాలు పెడుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. మన దగ్గర బిడ్డకి కోరింత దగ్గు టీకా కూడా కలిసుండే పెంటావాలెంట్ మొదటి డోసు పడేది ఆరు వారాలకి, తర్వాత పది, పద్నాలుగు. ఈలోపు బిడ్డకి ఉండేది అమ్మ దగ్గర్నుంచి మాయ ద్వారా వచ్చిన యాంటీబాడీలే, అంటే జబ్బుతో పోరాడే రక్షణ కణికలే. ఇంగ్లండ్‌లో 2012లో ఈ దగ్గు బాగా ప్రబలి 14 మంది పసిపిల్లలు పోయారు, ఆ ఏడాదే అక్కడ గర్భిణులకి ఈ టీకా వేయడం మొదలుపెట్టారు.

ఎప్పుడు వేయించుకోవాలంటే 27 నుంచి 36 వారాల మధ్య, అందులోనూ మొదట్లో అయితే మేలు, ఎందుకంటే ఒంట్లో యాంటీబాడీలు బాగా తయారవ్వడానికి రెండు వారాలు పడుతుంది, అవి బిడ్డకి చేరడానికీ టైమ్ కావాలి, పైగా కాన్పు ముందే వచ్చేయొచ్చు కదా. మన లెక్కలో ఏడో నెల అన్నమాట. సరిగ్గా అప్పుడే సీమంతం చేసి పుట్టింటికి పంపిస్తారు, ఇక్కడి డాక్టరమ్మ అక్కడ వేస్తారులే అనుకుంటుంది, అక్కడి డాక్టర్ ముందే వేసుంటారులే అనుకుంటుంది, మధ్యలో ఇది ఎగిరిపోతుంది. బట్టలతో పాటు ఫైల్ కూడా సర్దుకోండి, కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్ళిన మొదటి రోజే "టీడాప్ పడిందా లేదా చూడండి మేడమ్" అని పేరు పెట్టి అడగండి.

ప్రైవేట్‌లో బూస్ట్రిక్స్, అడాసెల్ అనే పేర్లతో దొరుకుతుంది, ఖరీదు వెయ్యి పైనే ఉంటుంది కాబట్టి ముందే ఫోన్ చేసి స్టాక్ ఉందో లేదో రేటెంతో కనుక్కుని వెళ్ళండి. టీడీ రెండో డోసు ఇంకా పడకపోతే దాని బదులు ఇదే వేయొచ్చేమో అడగండి, టీడాప్‌లో ఆ రెండూ ఉంటాయి కాబట్టి. ఇందులో బతికున్న సూక్ష్మజీవి ఏదీ ఉండదు, చెయ్యి నొప్పి, కాస్త నలతగా ఉండటం, ఒక్కోసారి కొద్దిగా జ్వరం, అంతే. ఇంతకుముందు ఇలాంటి టీకాకి ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడకపోవడం లాంటిది జరిగుంటే మాత్రం దాచకుండా చెప్పాలి.

మొదటి కాన్పులో వేయించుకున్నాగా అంటారు కొందరు. కుదరదు, యాంటీబాడీలు తగ్గిపోతాయి, ప్రతి కాన్పుకీ మళ్ళీ వేయించుకోవాల్సిందే.

అమెరికాలో ఉన్నవాళ్ళు పురిటికి అమ్మానాన్నల్ని పిలిపించుకుంటారు కదా, అక్కడి డాక్టర్లు వాళ్ళకీ టీడాప్ అడుగుతారు, బిడ్డని ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందు పడాలి, ఫ్లైట్ ఎక్కే ముందు ఇక్కడే వేయించేస్తే ఒక పని తగ్గుతుంది. ఇక ఇక్కడ బారసాలకి వచ్చి దగ్గుతూనే బిడ్డని ముద్దుపెట్టుకునే చుట్టాల్ని ఆపే పని నాన్నమ్మకి అప్పజెప్పండి, మన మాట ఎవరూ వినరు.

మా చెల్లి 29వ వారంలో వేయించుకుంది. ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు కదా అని తెలివిగా కుడి చేతికి వేయించుకుని, రెండ్రోజులు జడ వేసుకోలేక అమ్మ చేత వేయించుకుంది.