హాట్ ప్లేట్‌కు కరెంటు ఇచ్చే ముందు

చవకగా దొరికే పీటీసీ హీటర్‌తో (వేడెక్కేకొద్దీ తనే కరెంటు తగ్గించుకునే రకం) సర్క్యూట్ బోర్డులు సోల్డర్ చేయడానికి హాట్ ప్లేట్ కడుతున్నారా? ప్లగ్గు పెట్టేముందు ఇవి చూసుకోండి.

• ముందు ఎర్త్. ఈ హీటర్లకు మామూలుగా రెండే వైర్లు ఉంటాయి. పైన పెట్టే మెటల్ ప్లేటుకు మూడో వైరును స్క్రూతో బిగించండి. ఆనోడైజ్ చేసిన (పైన ఆక్సైడ్ పొర ఎక్కించిన) అల్యూమినియం అయితే ఆ చోట పొర గీకేయాలి, లేకపోతే కరెంటు పారదు. మల్టీమీటర్‌ను కంటిన్యుటీ (బీప్) మోడ్‌లో పెట్టి, ఒక కొన ప్లేటుకు, ఇంకో కొన ప్లగ్గు ఎర్త్ పిన్నుకు ఆనించండి. బీప్ రాకపోతే 230 వోల్టుల జోలికి పోవద్దు.

• ప్లేటు దగ్గర పీవీసీ వైరు పనికిరాదు, సిలికాన్ లేదా ఫైబర్‌గ్లాస్ తొడుగుది వాడండి. అక్కడి జాయింట్లు సోల్డర్ చేయకండి, ఆ వేడికి అవే ఊడొస్తాయి! క్రింప్ చేయండి, అంటే మెటల్ కనెక్టర్‌లో వైరు పెట్టి నొక్కి బిగించండి.

• సాలిడ్ స్టేట్ రిలే (హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) పాడైతే చాలావరకు ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. కాబట్టి వేడిని అదుపు చేసే కంట్రోలర్ ఉన్నా, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే థర్మల్ ఫ్యూజ్ పెట్టాల్సిందే.

• 63/37 (63% తగరం, 37% సీసం) సోల్డర్ పేస్ట్ 183 డిగ్రీల సెల్సియస్‌కు కరుగుతుంది, సీసం లేనివి ఎక్కువగా 217 దాటాకే. ప్లేటు అంత వేడెక్కుతుందో లేదో కొనేముందే చూడండి.

• కిటికీ తెరిచి ఉంచండి. వంటింట్లో మాత్రం వద్దు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి.