తుఫాను రోజు హోటల్ డ్యూటీకి వెళ్లే ముందు

చెన్నై హోటళ్లలో పనిచేసే మనవాళ్లకు:

- రెడ్ అలర్ట్ ఉంటే రాత్రి ఇంటికెలా చేరాలో మేనేజర్‌తో ముందే తేల్చుకోండి. తేలకపోతే షిఫ్ట్ ఒప్పుకోవద్దు, జీతం కోతకన్నా ప్రాణం ముఖ్యం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు వేళచ్చేరి, పళ్లికరణై నీట మునిగాయి. సబ్‌వేలో (రైలు పట్టాల కింద నుంచి వెళ్లే రోడ్డు) నీళ్లుంటే బండి దించకండి.
- మారుబట్టలు, మందులు, పవర్ బ్యాంక్.
- నీళ్లు కిచెన్ గడప దాటకముందే సిలిండర్ వాల్వులు కట్టేసి, మెయిన్ స్విచ్ ఆపించండి. నీళ్లలో నిలబడి స్విచ్ ముట్టుకోవద్దు, ఓనర్ చెప్పినా సరే.
- కరెంటు పోతే ఫ్రిజ్ తెరవకండి. మూసి ఉంచితే సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. వరదనీరు తగిలిన కూరగాయలు, పిండి పారేయాల్సిందే.
- కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 1913 ఫోన్‌లో సేవ్ చేసుకోండి.