ఆర్సెనిక్ ఫిల్టర్‌లోంచి తీసిన పాత మీడియాను ఏం చేయాలి?

మీడియా, అంటే ఫిల్టర్‌లో ఉండి నీళ్లలోని ఆర్సెనిక్‌ను పట్టే గుళికలు, మార్చడానికి వచ్చినవాడు పాతదాన్ని సంచుల్లోకి ఎత్తి "ఇదేం చేయమంటారండీ?" అనడిగితే, మన డెల్టాలో ఠక్కున వచ్చే జవాబు "ఆ బోదె గట్టున పోసెయ్". మా వీధిలో ఐరన్ ఫిల్టర్ మార్చినప్పుడు అంతే చేశాం. తుప్పు రంగు గుళికలు, దారిలో గుంట పూడింది, అందరికీ సంతోషం. ఆర్సెనిక్ పట్టిన మీడియాతో మాత్రం ఈ పని వద్దే వద్దు.

ఈ మీడియాలో ఉండే ఇనుప తుప్పు, గాలి తగులుతున్నంత కాలం ఆర్సెనిక్‌ను గట్టిగా పట్టుకుంటుంది. గాలి చొరని బురదలో పడితే తుప్పే కరుగుతుంది, పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది. సార్వా, దాళ్వా అని ఏడాదిలో రెండుసార్లు మన మళ్లు నీళ్లలోనే ఉంటాయి కదా. పైగా డీఏపీ ఎరువులోని ఫాస్ఫేట్ ఆర్సెనిక్‌ను పక్కకు నెట్టి ఆ చోట తను కూర్చుంటుంది. వదిలిన ఆర్సెనిక్‌ను వరి వేళ్లు పీల్చుకుంటాయి.

అందుకని ముందు ఆరబెట్టండి. ట్యాంకులోంచి దించిన నీళ్లు, బ్యాక్‌వాష్ నీళ్లు (ఫిల్టర్‌ను ఎదురు ధారతో కడిగినవి) కాలువలోకి వదలకుండా ఒక తొట్టిలో తేరనివ్వండి; అడుగున దిగిన మడ్డి కూడా మీడియా లెక్కే. చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు. కప్పు కింద, ఎత్తైన సిమెంటు అరుగు మీద టార్పాలిన్ పరిచి పల్చగా నెరపండి. ధాన్యం ఎండబోసే కళ్లం జోలికి పోకండి. జల్లెడ పట్టొద్దు, కాల్చొద్దు.

ఆరాక మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, పైన పెయింటుతో "ఆర్సెనిక్, ముట్టుకోవద్దు" అని, తేదీతో సహా రాయండి. గోడ మీద పాత వరద చార ఉంటే డ్రమ్ము దానికంటే ఎత్తున ఉండాలి. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో కొన్ని ఫిల్టర్ యూనిట్ల దగ్గర ఆర్సెనిక్ మడ్డిని గాలి ఆడే ముతక ఇసుక పరుపు మీద ఉంచేది కూడా, అది గాలి చొరని బురదలో పడకూడదనే.

తర్వాత టీసీఎల్‌పీ పరీక్ష, అంటే వ్యర్థంలోంచి విషం ఎంత ఊరి దిగుతుందో ల్యాబులో చూసేది. శాంపిల్‌ను పల్చటి ఎసిటిక్ ఆమ్లంలో 18 గంటలు కలియతిప్పి, ఎంత ఆర్సెనిక్ దిగిందో చూస్తారు. లీటరుకు 5 మిల్లీగ్రాములు మించితే ప్రమాదకర వ్యర్థం. తాగే నీటికి పరిమితి 0.01 మిల్లీగ్రాములే, అంటే 500 రెట్ల తేడా! ఆ 18 గంటల్లో మన మడి బురదలో నెలల తరబడి జరిగేది కనబడదు. రిపోర్టులో "పాస్" అని ఉన్నా పొలంలో పోయకూడదని నా అభిప్రాయం.

మీడియా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకుంటారేమో కొనేటప్పుడే అడిగి, బిల్లు మీద రాయించుకోండి. లేదంటే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లండి. ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే కేంద్రం విశాఖ దగ్గర పరవాడలో ఉంది. ప్రమాదకర వ్యర్థాల 2016 నిబంధనల ప్రకారం ఇలాంటి సరుకును మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు కాబట్టి బండి మాట ముందే మాట్లాడుకోవడం మంచిది. డ్రమ్ములు వెళ్లే రోజున ఎన్ని, ఎన్ని కిలోలు అన్నది రాసిన కాగితం కాపీ ఒకటి అడిగి తీసుకుని, ఫిల్టర్ ఫైల్లో పెట్టుకోండి.