ఫిట్స్ ఉన్నవాళ్ళు యోగా, ధ్యానం మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ముందు మందుల సంగతి. యోగా చేస్తున్నాం కదా అని ఒక్క డోసు కూడా మానొద్దు, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వరసగా వచ్చే ప్రమాదం ఉంది. ధ్యానంతో చాలామందికి టెన్షన్ తగ్గుతుంది, అది మంచిదే, కానీ మందుకి తోడు మాత్రమే.

– కపాలభాతి, భస్త్రిక (గబగబా ఊపిరి తీసి వదిలే ప్రాణాయామాలు) వద్దు. ఇది గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) తీసేటప్పుడు 3 నిమిషాలు గబగబా ఊపిరి తీయమనేది మెదడులో తేడా బయటపడుతుందేమో చూడ్డానికే, అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి కొందరికి అక్కడికక్కడే ఫిట్స్ వస్తాయి, మరి అదే పని ఇంట్లో ఒంటరిగా చేస్తే ఎలా చెప్పండి? ఊపిరి బిగబట్టడం కూడా వద్దు, నెమ్మదిగా తీసి వదిలితే చాలు.
– శీర్షాసనం వద్దు, పడితే దెబ్బ తలకీ మెడకీ.
– మ్యాట్ పక్కన టేబుల్ అంచులు, గాజు సామాను ఉండకూడదు, తలుపు గడియ పెట్టకండి.
– రాత్రి నిద్ర లేకపోతే ఆ రోజు యోగా మానేయండి, మందు మాత్రం కాదు.
– టీచర్‌కి దాచకుండా చెప్పండి, పక్కనుండేవాళ్ళకి కూడా: ఫిట్స్ వస్తే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి.